పొలం గట్టు మీది రాగి: ట్రాన్స్‌ఫార్మర్ల చోరీని ఎక్కడ ఆపవచ్చు

యాసంగి వరి పొట్ట మీదున్న రోజుల్లో తెల్లవారుజామున బావి దగ్గరికి వెళ్లిన రైతు స్టార్టర్ బటన్ నొక్కుతాడు, మోటారు పలకదు. ఫ్యూజు పోయిందేమోనని ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడిచి వెళ్తే గద్దె ఖాళీగా కనిపిస్తుంది. మూత ఊడిన ఇనుప డబ్బా గడ్డిలో ఒరిగి పడి ఉంటుంది. నూనె ఇంకిన మట్టి నల్లబడి పాదాలకు జిగటగా అంటుకుంటుంది. కోరు నుంచి విడిపోయిన పలుచని ఉక్కు రేకులు, నూనెలో నానిన కాగితం పేలికలు గట్టు పొడవునా చెల్లాచెదురుగా ఉంటాయి. రాగి చుట్టలు మాత్రం ఉండవు. పరకాల, నర్సంపేట, హుజూరాబాద్, మంథని వైపు పల్లెల్లో ఈ దృశ్యాన్ని వర్ణించి చెప్పాల్సిన అవసరం లేదు. చూసినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

ఈ చోరీలో దొంగకు దక్కేదానికీ ఊరు పోగొట్టుకునేదానికీ పొంతన ఉండదు. 25 కేవీఏ సామర్థ్యం ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఐదు హార్స్‌పవర్ మోటార్లను నాలుగైదింటిని నడుపుతుంది. ఒక్కో మోటారు కింద రెండు మూడు ఎకరాల మడి ఉందనుకున్నా, ఒక్క రాత్రితో పది పన్నెండు ఎకరాల వరికి నీళ్లు ఆగిపోతాయి. పొట్ట దశలో తడి అందకపోతే వెన్ను సరిగా బయటికి రాదు, వచ్చిన వెన్నులోనూ తాలు ఎక్కువగా మిగులుతుంది; తర్వాత ఎన్ని తడులు పెట్టినా పోయిన గింజ తిరిగి రాదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మరమ్మతు కేంద్రానికి తీసుకెళ్లి వైండింగ్ మార్చి తిరిగి వాడుకోవచ్చు. పగలగొట్టిన దానికి ఆ అవకాశం చాలా తక్కువ కనుక, దొంగ కొన్ని కిలోల రాగిని పాత సామాను ధరకు అమ్ముకున్నా, విద్యుత్ సంస్థ మాత్రం డబ్బా, కోరు, బుషింగులు, నూనెతో సహా మొత్తం ట్రాన్స్‌ఫార్మర్‌నే కొత్తగా పెట్టాల్సి వస్తుంది. ఆ ఖర్చు చివరికి చార్జీల లెక్కలోకో, ప్రభుత్వ సబ్సిడీ లెక్కలోకో చేరుతుంది.

ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలకు కరెంటు పంపిణీ చేసే ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం హనుమకొండలో ఉంది. ఈ ప్రాంతంలో బావులు, బోర్లు, కాల్వ గట్లు, వాగు ఒడ్డుల వెంబడి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లు విస్తరించి ఉన్నాయి. వీటన్నింటికీ కాపలా పెట్టడం ఏ సంస్థకూ, ఏ పోలీసు శాఖకూ సాధ్యం కాదు. కాబట్టి ఎక్కడ కాపలా కాయాలనే ప్రశ్న కన్నా, చోరీ మొదలైనప్పటి నుంచి డబ్బు చేతికందే దాకా ఉన్న దారిలో ఏ చోట దాన్ని తెగ్గొట్టడం సులువు అనే ప్రశ్నే ముఖ్యమైనది. ఆ చోటు గద్దె కన్నా ఎక్కువగా పాత సామాను దుకాణంలోని త్రాసు దగ్గర ఉందన్నది ఈ వ్యాసం వాదన. అయితే గద్దె దగ్గర చేయాల్సిన పనులను వదిలేసి త్రాసు దగ్గరికి నేరుగా వెళ్లలేం.

ముందుగా ఈ సమస్య ఇంతగా ఎందుకు విస్తరించిందో గమనించాలి. ఒకప్పుడు 63 లేదా 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి పొడవైన లో టెన్షన్ తీగలు లాగి పది ఇరవై మోటార్లకు కరెంటు ఇచ్చేవారు. తీగ పొడవు పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోయేది, మోటార్లు కాలిపోయేవి, కొక్కేలు తగిలించి వాడుకునేవారూ ఉండేవారు. దానికి మార్గంగా హెచ్‌వీడీఎస్ (అధిక వోల్టేజి పంపిణీ) పద్ధతి వచ్చింది. 11 కేవీ లైను పొలాల్లోకే వెళ్లి, నాలుగైదు మోటార్లకు ఒక చిన్న 16 లేదా 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున పెట్టారు. నష్టాలు తగ్గాయి, వోల్టేజి నిలబడింది, రైతుకు మేలు జరిగింది. అదే సమయంలో ఒక చోట పోగుపడి ఉన్న లోహం పది చోట్లకు చెదిరింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తరచుగా ఊరికి దగ్గర్లో, దారి పక్కన ఉండేది, దాన్ని కదిలించడమే కష్టం. చిన్నది ఇళ్లకు దూరంగా, పొలం మధ్యలో, కొద్దిమంది మనుషుల బలానికి లొంగేంత బరువులో ఉంటుంది. హెచ్‌వీడీఎస్‌ను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ పద్ధతిని రూపొందించినప్పుడు లోహ భద్రతను కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందని మాత్రం చెప్పక తప్పదు.

రెండో మార్పు రాత్రి పొలాలకు సంబంధించింది. విడతల వారీ కరెంటు రోజుల్లో రాత్రి వంతు వస్తే రైతు టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరే పడుకునేవాడు. పాము కాట్లు, కరెంటు షాకులు ఎన్నో కుటుంబాలను బలిగొన్న ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక రాత్రి పొలానికి వెళ్లాల్సిన అవసరం చాలావరకు తప్పింది. ఆటో స్టార్టర్లు, మొబైల్ స్టార్టర్లు వచ్చాక మోటారు వేయడానికి కూడా మనిషి వెళ్లనక్కరలేని స్థితి వచ్చింది. మంచికే జరిగిన ఈ మార్పుతో రాత్రిళ్లు పొలాల మీద ఉండే కళ్లు కూడా లేకుండా పోయాయి. ఆ కళ్ల స్థానంలో మరొకటి ఏర్పాటు చేసుకోలేదు.

చోరీలకు అనువైన కాలం మరొకటి ఉంది. యాసంగి కోతలు ముగిసిన తర్వాత, అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్‌లో వానాకాలం నార్లు పోసే దాకా, చాలా బావుల మీద మోటార్లు ఆగి ఉంటాయి. ఆ వారాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పోయినా రోజుల తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు. నాట్లకు నీళ్లు పెట్టబోయినప్పుడు విషయం బయటపడితే, అప్పటికి రాగి ఊరు దాటి, జిల్లా దాటి, కరిగి కడ్డీగా మారిపోయి ఉంటుంది. చోరీ జరిగిన తేదీ కూడా తెలియని కేసును దర్యాప్తు అధికారి ఎక్కడి నుంచి మొదలుపెడతాడు?

సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు తెలియదా అని చాలామంది అడుగుతారు. చిన్న లెక్క వేస్తే తెలియదన్న సంగతి స్పష్టమవుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడులో ఉన్నా 11 కేవీ లైను నుంచి తీసుకునేది సుమారు 1.3 ఆంపియర్లు. పదుల ఆంపియర్లు పారుతున్న ఫీడరులో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే 11 కేవీ లైనులో) ఆ ఒక్క ఆంపియరు తగ్గడాన్ని మీటరు ముల్లు చూపలేదు, చూపినా రాత్రి ఎవరో మోటారు ఆపి ఉంటారనే అనుకోవాలి. కాబట్టి సమాచారం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి నుంచే రావాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కు స్మార్ట్ మీటరు ఉంటే కరెంటు తెగిన క్షణంలో అది చివరి సందేశం ఒకటి పంపగలదు. ఒరిగినా కదిలినా ఫోనుకు సందేశం పంపే పరికరాలు కూడా ఉన్నాయి కానీ, బ్యాటరీలు, సిగ్నలు, ఉత్తుత్తి హెచ్చరికలు వాటి బలహీనతలు. ఇంతకన్నా చేరువలో ఉన్న మార్గం రైతు చేతిలోనే ఉంది. మొబైల్ స్టార్టర్లలో చాలావాటికి కరెంటు పోగానే రైతు ఫోనుకు కాల్ చేసే లేదా సందేశం పంపే సౌకర్యం ఉంటుంది. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇలాంటి స్టార్టర్ ఒకటి ఉండేలా చూసి, పక్క పక్క ట్రాన్స్‌ఫార్మర్ల రైతులు, లైన్‌మన్ కలిసి ఒక ఫోను గ్రూపుగా ఏర్పడితే, అర్ధరాత్రి ఒక దాని కింద మాత్రమే కరెంటు పోయి, పక్కదాని కింద ఉందంటే అది అనుమానించాల్సిన సంకేతం అవుతుంది. ఫీడరు మొత్తం పోతే అందరికీ పోతుంది. ఒక్కచోటే పోవడంలోనే కబురు ఉంది. అయితే అలాంటి కబురు అందినప్పుడు ఒంటరిగా పొలానికి పరుగెత్తకుండా 100కు ఫోన్ చేయడం, 1912కు తెలపడం, నలుగురు కలిసి వెళ్లడం తప్పనిసరి. తెగిన తీగ ఎక్కడ పడి ఉందో చీకట్లో తెలియదు.

ఇక గద్దె దగ్గర చేయగలిగిన పనుల్లో మొదటిది బిగింపు. ట్రాన్స్‌ఫార్మర్‌ను గద్దె మీద ఊరికే కూర్చోబెట్టకుండా, గద్దెలో పాతిన ఇనుప యాంగిళ్లకు బిగించి, ఆ బోల్టులు మామూలు పానాలకు లొంగకుండా చేయడం. మూత బోల్టులకు అడ్డంగా పట్టీ వేసి తాళం పెట్టడం. వీలైన చోట రెండు స్తంభాల నిర్మాణం మీద ఎత్తులో అమర్చడం వంటివి చోరీని అసాధ్యం చేయవు, దానికి పట్టే సమయాన్ని పెంచుతాయి. దొంగకు అన్నింటికన్నా భారమైనది సమయమే. పది నిమిషాల పని అరగంటకు పెరిగి, సుత్తి దెబ్బల చప్పుడు ఊరి దాకా వినిపిస్తుందంటే చాలామంది ఆ చోటును వదిలేస్తారు. వెల్డింగు చేయాల్సి వస్తే అది బిగింపు పట్టీలకే పరిమితం కావాలి. నూనె నిండిన ట్యాంకు మీద వెల్డింగు ప్రమాదకరం. మరో జాగ్రత్త ఏమిటంటే, బిగింపు లైన్‌మన్ పనికి అడ్డం కాకూడదు. నూనె మట్టం చూడటానికి, లోపలికి వెళ్లే గాలిలోని తేమను పీల్చే బ్రీదరులో సిలికా జెల్ మార్చడానికి అరగంట పట్టే ఏర్పాటు చేస్తే నెల తిరగకుండానే దాన్ని ఎవరో ఊడదీసి పక్కన పెడతారు.

11 కేవీ లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటును తెంచే ఏబీ స్విచ్ తాళం విషయం ఇంతకన్నా సున్నితమైనది. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు తెగకుండా దాని మీద చేయి వేయడం ప్రాణాంతకం కనుక, స్విచ్ హ్యాండిల్‌కు తాళం వేసి ఉంచడం చోరీ నివారణకు సహజమైన మార్గం. కానీ మన పల్లెల్లో ఆ హ్యాండిల్‌ను ఎక్కువసార్లు దించేది రైతులే. ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక, స్విచ్ దించి తామే తీగ కట్టుకుంటారు. స్విచ్‌లోని ఒక బ్లేడు సరిగా విడవకపోవడం వల్లనో, మరోవైపు నుంచి కరెంటు రావడం వల్లనో ఎందరో రైతులు ఈ పనిలోనే ప్రాణాలు కోల్పోయారు. తాళం వేస్తే రైతు ప్రాణానికీ రక్షణే. అయితే తాళం వేసి లైన్‌మన్ల ఖాళీలను అలాగే ఉంచితే, వారం రోజుల్లో ఆ తాళాన్ని పగలగొట్టేది దొంగ కాదు, మడి ఎండుతున్న రైతు. అందువల్ల తాళం గురించి మాట్లాడేవారు లైన్‌మన్ ఎన్ని ఊళ్లకు ఒకడు ఉన్నాడో కూడా మాట్లాడాలి. ఫిర్యాదు అందిన రెండు మూడు గంటల్లో మనిషి రాగలిగిన చోట తాళం నిలబడుతుంది.

ఇదే సందర్భంలో ఒక విషయాన్ని కఠినంగా చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్‌నో బావి దగ్గరి మోటారునో కాపాడుకోవడానికి చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టాలన్న ఆలోచన కొన్ని చోట్ల వినిపిస్తుంటుంది. అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగలు ములుగు, భూపాలపల్లి వంటి అటవీ ప్రాంతాల్లో మనుషుల ప్రాణాలను, పశువులను ఎలా తీశాయో అందరికీ తెలిసిందే. అది భద్రత కాదు, నేరం. చనిపోయేది దొంగే అయినా చట్టం దాన్ని నరహత్యగానే చూస్తుంది, చాలాసార్లు చనిపోయేది పక్క పొలం రైతో, గొర్రెల కాపరో అవుతాడు.

లోహాన్నే మార్చడం ఇంకో మార్గం. విద్యుత్ వాహకతలో అల్యూమినియం రాగిలో సుమారు 61 శాతం. అంతే కరెంటును మోయడానికి అల్యూమినియం తీగ మందం పెరగాలి, కానీ లోహం తేలిక కనుక బరువు రాగిలో సగమే అవుతుంది. కిలో ధర రాగి ధరలో నాలుగో వంతు దగ్గర ఉంటుంది. సగం బరువు, పావు ధర కలిపి చూస్తే, అల్యూమినియం వైండింగ్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో దొంగకు దొరికే విలువ రాగి వైండింగ్ ఉన్నదానిలో ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 2024 మే నెలలో లండన్ లోహాల మార్కెట్‌లో రాగి టన్ను 10 వేల డాలర్లు దాటిందని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. అల్యూమినియానికి దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి: జాయింట్ల దగ్గర ఆక్సైడ్ పొర ఏర్పడి వేడెక్కుతుంది, షార్ట్ సర్క్యూట్ దెబ్బను తట్టుకునే బలం తక్కువ, డబ్బా పరిమాణం పెరుగుతుంది. వ్యవసాయ లైన్లలో తీగలు తరచుగా రాసుకుంటాయి కనుక జాయింట్ల నాణ్యత, ఫ్యూజుల సైజు విషయంలో రాజీ పడితే చోరీలు తగ్గి కాలిపోవడాలు పెరుగుతాయి.

అల్యూమినియం పెట్టినంత మాత్రాన చోరీ ఆగదు, లోపల ఉన్నది అల్యూమినియం అని దొంగకు ముందే తెలియాలి. పగలగొట్టాక తెలిస్తే ఊరికి ఏం లాభం? డబ్బా మీద దూరానికి కనిపించే తెలుగు అక్షరాల్లో ఆ మాట రాయించాలి. ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే ఫీడరు మీద కొన్నింటికి రాత ఉండి కొన్నింటికి లేకపోతే, రాత లేనిదే రాగి ఉన్నదని దొంగకు మనమే చూపించినట్టు అవుతుంది. కాబట్టి మార్పిడి ఎక్కడ కాలితే అక్కడ ఒకటీ అరా చొప్పున జరగకూడదు. చోరీలు ఎక్కువగా ఉన్న ఒక ఫీడరును తీసుకుని, అక్కడి రాగి ట్రాన్స్‌ఫార్మర్లను ఊళ్లోని, పట్టణంలోని జనావాస ప్రాంతాలకు తరలించి, ఫీడరు మొత్తాన్ని అల్యూమినియంగా మార్చాక రాతలు రాయించడం మేలు.

ట్రాన్స్‌ఫార్మర్ చోరీ జరిగితే కనీసం కరెంటు పోతుంది కనుక విషయం తెలుస్తుంది. ఎర్తింగ్ తీగ, రాగి పట్టీల చోరీలో ఆ మాత్రం సూచన కూడా ఉండదు. ఎర్త్ పట్టీ కోసుకుపోయినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, మోటార్లు తిరుగుతూనే ఉంటాయి. అసలు ప్రమాదం తొలకరి వానల్లో బయటపడుతుంది. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్నప్పుడు భూమిలోకి పోవాల్సిన కరెంటుకు దారి లేక ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాకు, స్తంభానికి, స్టే తీగకు వస్తుంది; తడి నేల మీద మేస్తూ అటుగా వచ్చిన ఎడ్లో, బర్రెలో ముందు బలవుతాయి. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ తెగితే పట్టణాల్లో మరో రకం నష్టం జరుగుతుంది. మూడు ఫేజుల మీద ఇళ్ల లోడు సమానంగా ఉండదు కనుక, న్యూట్రల్ లేనప్పుడు తక్కువ లోడు ఉన్న ఫేజు మీది ఇళ్లలో 230 వోల్టుల బదులు 400 వోల్టుల దాకా వోల్టేజి లేవవచ్చు. ఒక్క నిమిషంలో వీధిలోని టీవీలు, ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు వరుసగా కాలిపోతాయి. అందుకే రాగి పట్టీల స్థానంలో జింకు పూత వేసిన ఇనుప పట్టీలు, లేదా రాగి పూత ఉన్న ఉక్కు కడ్డీలు వాడటం, నేల నుంచి మనిషి ఎత్తు వరకు పట్టీని పైపులో పెట్టి కాంక్రీటు పోయడం అవసరం. ఎండాకాలంలో ఎర్త్ నిరోధం కొలవడం ఎలాగూ చేయాల్సిన పనే. ఆ కొలత తీసుకునేటప్పుడు పట్టీ అసలు ఉందో లేదో కూడా కాగితం మీద నమోదు కావాలి.

ఇక త్రాసు దగ్గరికి వద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ రాగి మామూలు రాగిలా ఉండదు. ఇళ్లలో వాడే వైరు ప్లాస్టిక్ తొడుగులో సన్నని పోగుల కట్టలా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లో టెన్షన్ వైండింగ్‌లో చదునైన రాగి పట్టీ, దాని చుట్టూ గోధుమ రంగు కాగితం, ఆ కాగితం నిండా నూనె ఉంటాయి. హై టెన్షన్ వైండింగ్ తీగ పెన్సిల్ ముల్లు కన్నా సన్నగా, వార్నిష్ మెరుపుతో, కిలోల కొద్దీ తెగకుండా ఒకే చుట్టగా వస్తుంది. కాగితాన్ని కాల్చేసినా రాగి మీద నల్లటి మసి, నూనె వాసన మిగులుతాయి. ఏళ్లుగా పాత సామాను కొనే మనిషి సంచి విప్పగానే అది ఎక్కడిదో గ్రహించగలడు. అంటే కొనుగోలుదారుకు తెలియక జరిగే పొరపాటుగా దీన్ని చాలా సందర్భాల్లో చూడలేం. ఆ గుర్తులన్నీ లోహం కరిగే దాకానే ఉంటాయి. 1085 డిగ్రీల దగ్గర రాగి కరిగాక అది ఏ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌దో చెప్పే ఆధారం ఉండదు. దర్యాప్తుకు ఉన్న సమయం కొన్ని రోజులు మాత్రమే.

చట్టం ఇక్కడ బలహీనంగా ఏమీ లేదు. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ విద్యుత్ తీగలు, సామగ్రి కోసుకుపోవడాన్నే కాక, యజమాని అనుమతి లేకుండా వాటిని దురుద్దేశంతో దగ్గర ఉంచుకోవడాన్ని, తరలించడాన్ని కూడా నేరంగా పేర్కొంటుంది. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండోసారి పట్టుబడితే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, పది వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. చోరీ సొత్తు అని తెలిసీ కొన్నవారికి 137వ సెక్షన్ వర్తిస్తుంది. 2007 సవరణతో ఈ నేరాలు పోలీసులు నేరుగా చర్య తీసుకోదగినవిగా, బెయిలు హక్కుగా లభించనివిగా మారాయి. విద్యుత్ ఉత్పత్తి, పంపిణీలకు చెందిన ఆస్తుల ధ్వంసానికి 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం కూడా ఉంది. ఇన్ని ఉన్నా, పల్లె స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ కేసు తరచుగా గుర్తు తెలియని వ్యక్తులపై మామూలు దొంగతనం కేసుగా నమోదై అక్కడే ఆగిపోతుంది. 137వ సెక్షన్ కింద కొనుగోలుదారు దాకా వెళ్లిన కేసులు పెరిగితే తప్ప ఈ వ్యాపారం వెనక్కి తగ్గదు.

కాజీపేట జంక్షన్ మీదుగా వెళ్లే రైళ్లకు కరెంటు ఇచ్చే రాగి తీగల విషయంలో చట్టం మరో అడుగు ముందుకు వేసింది. 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం ప్రకారం, చోరీకి గురైనదని సహేతుకంగా అనుమానించదగిన రైల్వే ఆస్తి ఎవరి దగ్గరైనా దొరికితే, అది తనకు న్యాయంగానే వచ్చిందని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఆ వ్యక్తి మీదే ఉంటుంది. విద్యుత్ చట్టంలోనేమో దురుద్దేశాన్ని నిరూపించాల్సింది ప్రాసిక్యూషనే. రైతు కరెంటుకు రైలు కరెంటు కన్నా తక్కువ రక్షణ ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. పంపిణీ సంస్థల సామగ్రికి కూడా అలాంటి నిబంధన కోసం రాష్ట్రం కేంద్రాన్ని అడగడం న్యాయమైన కోరిక.

చట్టం మారేదాకా ఆగనక్కర లేని పనులూ ఉన్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 డిసెంబరు నుంచి పాత లోహానికి నగదు చెల్లించడాన్ని నిషేధించారు, 2013 చట్టంతో వ్యాపారులకు లైసెన్సు, అమ్మేవారి గుర్తింపు తనిఖీ తప్పనిసరి చేశారు. మన దేశంలో 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి నుంచి లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే జీఎస్టీ కట్టాలన్న నిబంధన వచ్చింది. అంటే ఆ కొనుగోలుకు అతడే ఇన్‌వాయిస్ రాసుకోవాలి. పన్ను కోసం వచ్చిన ఈ కాగితం చోరీ నివారణకు కూడా ఉపయోగపడుతుంది. అందులో అమ్మిన మనిషి పేరు, ఫోను నంబరు, వాహనం నంబరు, రాగి రకం, బరువు రాయించే పద్ధతిని పోలీసు కమిషనరేట్ల పరిధిలో పట్టుబట్టి అమలు చేస్తే, రాత్రి పోయిన చుట్టలు ఏ త్రాసు ఎక్కాయో వెతకడానికి దారి దొరుకుతుంది. ఈ తనిఖీలు ఆటోలో మైకు పెట్టుకుని ఊరూరా తిరిగి పాత సామాన్లు కొనే చిరు వ్యాపారుల మీద వేధింపుగా మారకూడదు. వారికి దొరికేది ఎక్కువగా డొక్కు బకెట్లు, పాత పంపులే. క్వింటాళ్ల లెక్కన రాగి కొనే గోదాములు, కరిగించే కొలుములు ప్రతి జిల్లాలోనూ లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, తనిఖీ మొదలవ్వాల్సింది వాటి దగ్గరే.

జిల్లాల సరిహద్దులు దొంగకు చేసే మేలును కూడా గమనించాలి. పరకాల హనుమకొండ జిల్లాలో, జమ్మికుంట కరీంనగర్ జిల్లాలో, మొగుళ్లపల్లి భూపాలపల్లి జిల్లాలో ఉన్నాయి. మూడూ ఒకే రాత్రిలో చుట్టి రాగల దూరంలోనివి. మూడు చోట్ల మూడు చోరీలు జరిగితే మూడు స్టేషన్లలో మూడు చిన్న కేసులవుతాయి, ఒక్కొక్కటి విడిగా చూస్తే పెద్దగా కనిపించదు. పంపిణీ సంస్థకు మాత్రం జిల్లాల గీతలు అడ్డం రావు. చోరీ జరిగిన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌నూ ఒకే పటం మీద తేదీలతో గుర్తించి మూడు జిల్లాల పోలీసులకు వారం వారం ఇవ్వగలిగినది ఆ సంస్థే.

ఆ పటం పనికిరావాలంటే ఫిర్యాదు బాగా రాయాలి. 'ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి కాపర్ వైరు ఎత్తుకెళ్లారు' అన్న ఒక్క వాక్యంతో ముగిసే ఫిర్యాదు దర్యాప్తుకు ఏమీ ఇవ్వదు. తయారీ సంస్థ పేరు, సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం, వైండింగ్ రాగిదా అల్యూమినియందా, చుట్టల సుమారు బరువు, చివరిసారి మోటార్లు నడిచిన తేదీ, గద్దె చుట్టూ పడి ఉన్న కాగితం, తీగ ముక్కల నమూనా ఉన్న సంచి, ఇవన్నీ విద్యుత్ సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఇచ్చే ఫిర్యాదుతో పాటు స్టేషన్‌కు చేరాలి. దుకాణంలో పట్టుబడిన చుట్టలో పట్టీ వెడల్పు, మందం ఆ నమూనాతో సరిపోతే అది ప్రయోగశాల అవసరం లేని సాక్ష్యం; ఒక మైక్రోమీటరుతో కొలిచి చూపవచ్చు.

రైతు సొంత సామాను సంగతి ఇంకా వెనుకబడి ఉంది. బావి నుంచి స్టార్టరు దాకా, మానేరు, గోదావరి ఒడ్డున మోటార్ల నుంచి గట్టు దాకా పరిచిన రాగి కేబుళ్లు తరచుగా పోతుంటాయి. అవి సంస్థ ఆస్తి కాదు కనుక సంస్థ లెక్కలోకి రావు. స్టేషన్‌కు వెళ్తే రోజు పని పోతుందని చాలామంది రైతులు ఫిర్యాదే చేయరు. ట్రాన్స్‌ఫార్మర్ రాగిని కొనేవారూ, ఈ కేబుళ్లను కొనేవారూ చాలాసార్లు ఒకరే అయి ఉంటారు. వానాకాలం నాట్లకు ముందు, మే నెలలోనే, ఆగి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లను లైన్‌మన్ ఒక్కొక్కటిగా చూసి వచ్చే రోజున, ఆ గట్టు మీద ఏ రైతుకు ఎన్ని మీటర్ల కేబులు పోయిందో కూడా అదే పుస్తకంలో రాసుకుని వస్తే, పోలీసుల ముందుకు వెళ్లే లెక్క మొదటిసారి పూర్తిగా ఉంటుంది.